చూసినందుకూ డబ్బులివ్వండి

పాత టర్బో పెట్రోలు కారు మిస్సింగ్ కొడితే మన షెడ్లలో ముందుగా వినిపించే మాట "టర్బో పోయింది సార్". లోపమేంటో తేల్చకుండానే పార్టు మార్చే ఈ అలవాటుకు మెకానిక్కులనే తిడుతుంటాం. అందులో సగం తప్పు బండి యజమానులదని నా వాదన.

సైన్యంలో ఈఎంఈ కోర్‌లో వాహనాల మెకానిక్‌గా పనిచేసి, రిటైరయ్యాక హైదరాబాద్‌లోని యాప్రాల్‌లో స్థిరపడ్డాను. చుట్టూ మాజీ సైనికుల ఇళ్లే. పదేళ్లు దాటినా కారు అమ్మడానికి మనసొప్పని వాళ్లు మా దగ్గర ఎక్కువ. 2010లో వచ్చిన లీనియా టీ-జెట్, 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ, ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్ లాంటి టర్బో పెట్రోలు బండ్లకు ఇప్పుడు ఆ వయసొచ్చింది. వాటికి ముందు మనవాళ్లకు టర్బో అంటే డీజిలే. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గే ఉండదు. అందుకే టర్బో బండి మొరాయిస్తే ప్లగ్గు మీదికి ఎవరి ధ్యాసా పోదు.

నిజానికి ముందు చూడాల్సింది అదే. వాడేకొద్దీ ప్లగ్గు కొన అరిగి గ్యాప్ పెరుగుతుంది. గ్యాప్ పెరిగితే నిప్పురవ్వ దూకడానికి కాయిల్ ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. పైగా టర్బో గాలిని ఒత్తి సిలిండర్‌లోకి నెడుతుంది. గాలి ఎంత చిక్కబడితే రవ్వ దూకడం అంత కష్టం. అందుకే అరిగిన ప్లగ్గు ఐడ్లింగ్‌లో బుద్ధిగా ఉంటుంది, లోడు పడగానే బయటపడుతుంది.

మా వీధి కల్నల్ సాబ్ కారుకు జరిగింది ఇదే. సైనిక్‌పురి దాకా వెళ్లొస్తే ఏ ఇబ్బందీ లేదు. శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ర్యాంపు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం కుదుపులు, చెక్ ఇంజిన్ లైటు. ఒక వర్క్‌షాపులో టర్బో మార్చాలని లక్షకు దగ్గరగా అంచనా రాసిచ్చారు. బండి ఒక్కసారి చూడమని సాబ్ నన్ను పిలిచారు.

స్కానర్ పెడితే పీ0303 కోడ్ వచ్చింది. మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని అర్థం. ఏ సిలిండరో తెలిసినా కారణం తెలిసినట్టు కాదు. ఇంజిన్ చల్లారాక మూడో కాయిల్‌ను రెండోదాని చోట, రెండోదాన్ని మూడోదాని చోట పెట్టి, కోడ్ చెరిపి, అదే ర్యాంపు ఎక్కించాం. ఈసారి పీ0302 వచ్చింది. కాయిల్‌తో పాటే కోడ్ కూడా కదిలిందంటే లోపం కాయిల్‌లో ఉన్నట్టే. కదలకపోతే ప్లగ్గునూ అలాగే మార్చి చూడాలి. అప్పుడూ కదలకుంటే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. టర్బో వంతు వచ్చేది వీటన్నిటి తర్వాతే.

ప్లగ్గులు విప్పితే కాయిల్ ఎందుకు చచ్చిందో కూడా తెలిసింది. మాన్యువల్‌లో గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్‌లో 1.1 బ్లేడు ఎక్కడా తగలకుండా దూరింది. మూడో ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. రవ్వ కొన దగ్గర దూకలేక పింగాణీ పక్కనుంచి దొంగదారి పట్టిన జాడ అది. ఆ భారం మోసి మోసి కాయిల్ పోయింది. నాలుగు ఇరిడియం ప్లగ్గులు, ఒక కాయిల్ రాణిగంజ్‌లో బిల్లుతో కొంటే పది వేలు దాటలేదు.

అలాగని మిస్సింగ్‌తోనే బండి నడుపుతూ పోకూడదు. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ కరిగిపోతుంది. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే వెంటనే యాక్సిలరేటర్ వదిలి బండి పక్కన ఆపాలి.

ఇక సగం తప్పు యజమానులదని ఎందుకన్నానంటే, ఒక కుర్ర మెకానిక్ గంటసేపు కాయిళ్లు అటూ ఇటూ మార్చి, బండి తోలి లోపం తేలిస్తే, "చూసినందుకే డబ్బులా?" అంటాం. నాడి చూసిన డాక్టరుకు మారుమాట లేకుండా ఫీజు ఇచ్చే వాళ్లమే ఇక్కడ బేరమాడతాం. దాంతో అతనికి మిగిలేది పార్టు మీద వచ్చే కమీషనే. పది వేల పని కన్నా లక్ష పనిలోనే కమీషన్ ఎక్కువ. లోపం వెతకడానికి కూలి లేనిచోట ఎవరు మాత్రం ఎందుకు వెతుకుతారు? మా ఆర్మీ వర్క్‌షాపులో జాబ్ కార్డు మీద లోపం రాయనిదే స్టోర్ నుంచి కొత్త పార్టు వచ్చేది కాదు. ఆ ఒక్క నియమంతో ఎంత వృథా తగ్గేదో కళ్లారా చూశాను.

కూలి ఇవ్వడంతో పాటు లోపం వెతకడం నేర్పాలి కూడా. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని ప్రభుత్వం 2024లో మొదలుపెట్టింది. రోబోలు, ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులు రావలసినవే. కానీ రోడ్ల మీదున్న పెట్రోలు బండ్లు రేపే మాయం కావు. లోపం తేల్చే పద్ధతిని, అంటే కోడ్ చదవడం, పార్టు అటూ ఇటూ మార్చి చూడటం, గ్యాప్ కొలవడం, టార్క్ రెంచ్‌తో బిగించడం, విడిగా నేర్పి విడిగా సర్టిఫికెట్ ఇవ్వాలి.

అంతదాకా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. లోపం తేల్చినందుకు ఫీజు ఎంతో ముందే అడిగి, బేరమాడకుండా ఇవ్వండి. బిల్లు మీద కోడ్ రాయించుకోండి. విప్పిన పాత ప్లగ్గులు మీ చేతికి ఇవ్వమనండి. ప్లగ్గు విప్పకుండా టర్బో మార్చాలన్న చోట మాత్రం తాళంచెవి ఇవ్వకండి.