గాబెడు వడపోసి... చెంబెడు పారబోసి!

మూత్రపిండాలు... ఆ పేరు పెట్టినవాళ్లెవరోగానీ వాటికి కాస్త అన్యాయమే చేశారు. అవి రోజంతా చేసే చాకిరీలో మూత్రం తయారవడం ఆఖరి మెట్టు మాత్రమే. అసలు పని రక్తాన్ని కాపాడుకోవడం. ఆ లెక్క వింటే ఎవరైనా నోరెళ్లబెట్టాల్సిందే.

నడుముకు కాస్త పైన, వెన్నెముకకు అటొకటీ ఇటొకటీ ఉంటాయివి. ఒక్కోటీ మన పిడికిలంత. బరువు 150 గ్రాములు అటూ ఇటూగా. అయితేనేం, గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు, అంటే నిమిషానికి లీటరు దాకా వీటి గుండానే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల జల్లెళ్లు. వాటినే నెఫ్రాన్లంటారు. అన్నీ కలిసి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల ద్రవాన్ని వడగడతాయి. రోజుకైతే 180 లీటర్లు! పెరట్లో నీళ్ల గాబు నిండా అన్నమాట. మరి మనం విసర్జించేదెంత? లీటరున్నర... ఒక్క చెంబెడు. మిగతాదంతా ఏమైనట్టు? తిరిగి రక్తంలోకే వెళ్లిపోయింది.

భోగికి ఇల్లు దులిపినట్టు...

వడపోత అనగానే మనకు టీ వడకట్టడం గుర్తొస్తుంది. కిడ్నీ పద్ధతి అలా ఉండదు. సంక్రాంతి ముందు ఇల్లు దులపడం గుర్తుచేసుకోండి. పనికిరానివి ఒక్కొక్కటే ఏరుతూ కూర్చోం. సామానంతా వాకిట్లో పెట్టేస్తాం. బీరువా, పందిరిమంచం లాంటివి మాత్రం గుమ్మం దాటవు. తర్వాత కావాల్సినవి ఒక్కోటీ లోపలికి చేరతాయి. చిరిగిన చాపలూ విరిగిన పీటలూ భోగిమంటకు మిగులుతాయి.

కిడ్నీ చేసేదీ సరిగ్గా ఇదే. నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది. అక్కడి ఒత్తిడికి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా, క్రియాటినిన్... అన్నీ బయటికి వచ్చేస్తాయి. రక్తకణాలూ, అల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లూ బీరువాలాగా లోపలే ఉండిపోతాయి. బయటికొచ్చిన ద్రవం సన్నటి గొట్టంలో ప్రయాణిస్తుంటే, దాని గోడల్లోని కణాలు చక్కెర మొత్తాన్నీ వెనక్కి తీసుకుంటాయి. నీటినీ ఉప్పునీ ఒంటికి ఎంత కావాలో అంత లాక్కుంటాయి. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మోయలేక కొంత వదిలేస్తాయి. మధుమేహుల మూత్రంలో చక్కెర కనిపించేది అందుకే. మన రక్తంలో ఉండే ద్రవం మూడు లీటర్లే కాబట్టి ఈ భోగి దులుపుడు రోజుకు అరవైసార్లు జరుగుతున్నట్టు!

మందుల్ని కూడా కిడ్నీలు ఊరికే ఉండనివ్వవు. కొన్నింటిని ఆ గొట్టాల గోడలే రక్తంలోంచి పట్టి బయటికి నెడతాయి. 1941 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఇచ్చారు. అప్పటికి తయారైన మందే చాలా కొంచెం. ఇచ్చిందేమో మూత్రంలో పోతోంది. డాక్టర్లు ఆ మూత్రం పట్టి, అందులోంచి మందు వేరుచేసి మళ్లీ ఎక్కించారు. కోలుకుంటున్నాడనగా అదీ అయిపోయింది. పాపం, మార్చిలో ఆయన చనిపోయాడు.

నార్మలే... కానీ!

ఇంత పనిచేసే కిడ్నీలకు ఒకటే దుర్గుణం. కష్టమొస్తే చెప్పవు. పాడైన నెఫ్రాన్ స్థానంలో కొత్తది పుట్టదు. దాని వాటా పనిని పక్కవి మీదేసుకుంటాయి. కొంతకాలానికి అవీ అలసిపోతాయి. అప్పటిదాకా మనకు నొప్పీ తెలీదు, వాపూ కనపడదు.

మా అమ్మ సంగతే తీసుకోండి. వయసు అరవై. మోకాళ్ల నొప్పులకి మందులషాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు ఏళ్లతరబడి మింగింది. ఈమధ్య రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 వచ్చింది. పక్కన అచ్చేసిన హద్దులోపలే ఉంది. ‘నార్మలే’ అనుకుని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేశాం. తర్వాత వేరే పనిమీద వెళ్లినప్పుడు డాక్టరుగారు అది చూసి, వయసూ ఆడామగా తేడా కలిపి ఈజీఎఫ్‌ఆర్ లెక్కకట్టారు. నిమిషానికి 57! వయసుతో కొంత తగ్గడం సహజమేగానీ, మూడునెలలపాటు 60కి తక్కువే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్కన్నారు. వడపోత సగానికి పడిపోయేదాకా క్రియాటినిన్ హద్దు దాటకపోవచ్చట.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలకూ దీనికీ సంబంధమేంటి? జల్లెడకు రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే రసాయనాల్ని అవి తగ్గిస్తాయి. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు పడితే నాళం ఇంకా ఇరుకై కిడ్నీకి రక్తమే చాలదు.

మధుమేహం, అధిక రక్తపోటు కిడ్నీల్ని దెబ్బతీస్తాయని తెలిసిందే. అవి లేనివాళ్లకూ రావచ్చని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చెబుతోంది. కొబ్బరి, జీడితోటల మధ్య ఉన్న కవిటి, సోంపేట లాంటి మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్లు కూడా ఈ జబ్బున పడ్డారు. ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా ఇదీ కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కానీ కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేశాక డయాలసిస్ చేయగలిగింది తక్కువే. సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. కిడ్నీలు వారంలో 168 గంటలూ చేసే పనిని ఆ పన్నెండు గంటలు ఎలా భర్తీచేస్తాయి?

అందుకే ముందే పసిగట్టాలి. మధుమేహం, బీపీ ఉన్నవాళ్లూ, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బున్నవాళ్లూ, ఉద్దానం లాంటి చోట్ల ఉండేవాళ్లూ ఏడాదికోసారి రెండు పరీక్షలు చేయించుకుంటే మేలు. ఒకటి క్రియాటినిన్, దాంతోపాటు ఈజీఎఫ్‌ఆర్ లెక్క. రెండోది మూత్రంలో అల్బుమిన్. గుమ్మం దాటకూడని బీరువా వాకిట్లో కనిపించిందంటే జల్లెడ చిరుగుతోందేమోనని చూసుకోవాల్సిందే.

మా ఇంట్లో ఇప్పుడు నొప్పి మాత్రల డబ్బా లేదు. డాక్టరుగారు నేర్పిన మోకాలి వ్యాయామాలూ, వేడినీళ్ల కాపడమూ వచ్చాయి. మూడునెలల తర్వాత చేయించాల్సిన పరీక్ష తేదీకి అమ్మే క్యాలెండర్లో సున్నా చుట్టుకుంది. మీ ఇంటి బీరువాలోనూ మడిచిపెట్టిన రిపోర్టులు ఉండే ఉంటాయి. ఓసారి తీసి చూడకూడదూ!