రాకాసి గుళ్ళు ఎవరివి?

టీవీవాళ్ళు హైదరాబాదు చరిత్ర తీస్తే అది 1591లో మొదలవుతుంది. చార్మినారు, కులీ కుతుబ్‌షా, ప్రేమకథ, బిర్యానీ. ఈ మధ్య కొందరు ఇంకాస్త వెనక్కి పోతున్నారు. సంతోషమే. డ్రోన్ కెమెరా అద్దాల మేడల మీదుగా వచ్చి గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో దిగుతుంది. హష్మత్‌పేట, మౌలాలి పేర్లు చెబుతారు. 2000 నుంచి 3000 ఏళ్ల కిందటి బండరాళ్ళ సమాధులు. లోపల ఎముకలు, ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు కుండలు. అంతవరకు నిజమే.

ఆ తర్వాత వీణ మోగుతుంది. ఎవరో అజ్ఞాత మానవులట, అంతుచిక్కని రహస్యమట!

ఏమిటయ్యా రహస్యం? రాయి కరిగించి ఇనుము తీసినోళ్ళున్నారు. మట్టి తొక్కి కుండ కాల్చినోళ్ళున్నారు. బండ దొర్లించినోళ్ళు, బొంద తవ్వినోళ్ళు ఉన్నారు. ఈ పనులు నేటికీ ఏ కులాల నెత్తిన ఉన్నాయో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఆ సమాధుల్లోనివాళ్ళు మన తాతలేనని మేం పట్టా పట్టుకు రాలేదు. అంత రుజువు లేదు. ఆ బండలు మోసినోళ్ళకు అంత సమాధి దక్కిందా అనీ అడగాల్సిందే. టీవీ అడగదు. రాజులొచ్చేదాకా దానికి రాళ్ళే కనపడతాయి, మనుషులు కనపడరు.

ఇంకో ముచ్చట. తెలంగాణ పల్లెల్లో వీటిని రాకాసి గుళ్ళంటారు. కొన్నిచోట్ల పాండవుల పేరు తగిలించారు. యాంకరమ్మ ఈ మాట చెప్పి నవ్వుతుంది, పల్లెటూరోళ్ళ మూఢనమ్మకమని. పురాణాల్లో రాక్షసులెవరమ్మా? నల్లనోళ్ళు, మాంసం తినేటోళ్ళు, యజ్ఞానికి అడ్డమొచ్చినోళ్ళు. అంటే ఆ బండలు ఎత్తితే రాకాసులెత్తాలి, లేకుంటే పాండవులెత్తాలి. కష్టం చేసే మనిషి మాత్రం ఎత్తలేదు! ఈ మాట మన నోట్లో పెట్టిందెవరు?

తవ్వకాల్లో పలుగూ పారా పట్టేది కూలీలే. పెంకు మొదట తగిలేది వాళ్ళ చేతికే. ప్రోగ్రాం చివర పడే పేర్లలో డ్రోన్ తిప్పినోడి పేరుంటుంది, వాళ్ళ పేరుండదు.

నగరం పెరిగేకొద్దీ ఆ సమాధులు ప్లాట్ల కిందికి పోతున్నాయి. వేల ఏళ్ల బొందనే వదలనోళ్ళు మన వాడ బొందలగడ్డను వదులుతారా? ఎన్నో ఊళ్ళలో మనోళ్ళు చస్తే ఆరడుగుల జాగా లేక వాగొడ్డుకు మోసుకుపోతున్నాం. ఇది వాళ్ళ కెమెరాకు చరిత్ర కాదు.

సంఘం పిల్లలారా, మీ ఊరి గట్టుమీద, చెలకల్లో అట్లాంటి రాళ్ళుంటే తవ్వకండి, జరపకండి. సర్వే నెంబరు రాసుకోండి. ముసలోళ్ళు చెప్పేది వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ పేరుతోనే రాయండి. తహసీల్దారుకొకటి, పురావస్తు శాఖకొకటి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. అదే కాయితంలో మన బొందలగడ్డ సర్వే నెంబరు కూడా రాయండి.