కార్-టీ థెరపీ: 4 కోట్ల బ్లడ్ క్యాన్సర్ చికిత్స మన దగ్గర 40 లక్షలకే.. కానీ ఆ 40 లక్షలు కట్టేదెవరు?

బ్లడ్ క్యాన్సర్ తిరగబెట్టిందని డాక్టర్ చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే.. ఇంకేమైనా దారి ఉందా సార్? కొన్నేళ్ల క్రితం వరకు మన దేశంలో ఆ జవాబు బోన్ మ్యారో మార్పిడి దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు కొత్తగా కార్-టీ సెల్ థెరపీ పేరు వినిపిస్తోంది. ఒక్కసారి ఎక్కిస్తే క్యాన్సర్ మాయం అనుకుంటున్నవాళ్లూ ఉన్నారు. అంత సింపుల్ కాదు. అలాగని తీసిపారేసేదీ కాదు.

మన రక్తంలోని టీ సెల్స్ ఒంటికి కాపలా పోలీసుల్లాంటివి. అయితే క్యాన్సర్ కణం కూడా మన ఒంట్లో పుట్టిందే కాబట్టి చాలాసార్లు వీటి కళ్లుగప్పి తప్పించుకుంటుంది. అందుకే రోగి రక్తం నుంచి టీ సెల్స్‌ను మెషీన్‌తో వేరుచేసి ల్యాబ్‌కు పంపిస్తారు. అక్కడ, హాని చేయకుండా మార్చిన ఓ వైరస్ సాయంతో వాటిలోకి కొత్త జన్యువు ఎక్కిస్తారు. దాంతో సీడీ19 అనే గుర్తు ఉన్న కణం ఎక్కడ కనిపించినా ఇవి పట్టేసుకుంటాయి. అలా తయారైన కణాలను కోట్లలో పెంచి, సెలైన్ ఎక్కించినట్టే మళ్లీ అదే రోగికి ఎక్కిస్తారు. అంటే ఇది షాపులో దొరికే మందు కాదు. ఒక్కో మనిషికి ఒక్కో బ్యాచ్. ఖరీదు అక్కడే పెరుగుతోంది.

అమెరికాలో 2012లో ఆరేళ్ల ఎమిలీ వైట్‌హెడ్ అనే పాప ఈ చికిత్సతోనే లుకేమియా నుంచి బయటపడింది. ఐదేళ్లకు, అంటే 2017లో తొలి కార్-టీ మందు కిమ్రియాకు అక్కడ అనుమతి వచ్చింది. ధర 4.75 లక్షల డాలర్లు. మన లెక్కలో దాదాపు 4 కోట్లు, అదీ మందు ఒక్కదానికే! ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ సెంటర్ కలిసి పనిచేసి ఈ రేటును పదో వంతుకు తెచ్చాయి. ఐఐటీ బాంబేలో పుట్టిన ఇమ్యునోయాక్ట్ కంపెనీ తయారుచేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీన్ని ప్రారంభించారు. 2025 జనవరిలో బెంగళూరుకు చెందిన ఇమ్యునీల్ కూడా క్వార్టెమీ పేరుతో మరో మందు తెచ్చింది. హైదరాబాద్‌లోనూ కొన్ని పెద్ద ఆస్పత్రులు ఈ చికిత్స అందిస్తున్నాయి.

ఇంతవరకు గర్వపడాల్సిందే. ఇక అసలు లెక్కలోకి వద్దాం.

73 శాతం వెనుక ఏముంది?

నెక్స్‌కార్19 ట్రయల్స్ ఫలితాలు 2025లో లాన్సెట్ హెమటాలజీలో వచ్చాయి. మొత్తం 64 మందికి ఈ కణాలు ఎక్కించారు. ఫలితం లెక్కించగలిగిన 51 మందిలో 37 మందికి, అంటే 73 శాతం మందికి క్యాన్సర్ తగ్గింది లేదా కనిపించకుండా పోయింది. వీళ్లంతా మామూలు చికిత్సలకు లొంగని, లేదా తిరగబెట్టిన కేసులు. అందుకే ఆ నంబర్ చిన్నదేం కాదు.

హెడ్‌లైన్లలోకి ఎక్కనిది ఇంకొకటి ఉంది. జబ్బు మళ్లీ ముదరకుండా గడిచిన కాలం మధ్యస్థంగా చూస్తే నాలుగు నుంచి ఆరు నెలలే. కొందరు అంతకన్నా చాలాకాలం బాగున్నారు, కొందరికి త్వరగానే తిరగబెట్టింది. చికిత్స వల్లే ఇద్దరు చనిపోయారు. ఎక్కించిన కణాలు ఒక్కసారిగా రెచ్చిపోతే తీవ్రమైన జ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది. అందుకే ఐసీయూ ఉన్న పెద్ద ఆస్పత్రిలోనే చేయాలి. టీ సెల్స్‌లోనే కొత్త క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందంటూ అమెరికా ఎఫ్‌డీఏ 2024 జనవరిలో ఈ తరహా మందులన్నింటికీ హెచ్చరిక లేబుల్ పెట్టమంది. అలాంటి కేసులు అరుదే అయినా, ఆ మాట రోగికి ముందే చెప్పాలి కదా.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ఏపీలో 2023 చివర్లో 25 లక్షలకు పెంచారు. ఏ సీలింగ్ చూసినా 40 లక్షలకు అందదు. పైగా ఐసీయూ, ముందు ఇచ్చే కీమో, తర్వాత నెలల తరబడి టెస్టులు అదనం. పొలం అమ్మినా చాలని బిల్లు ఇది. "చౌక" అనే మాట అమెరికాతో పోలిస్తేనే నిజం.

అలాగని పరిమితి పెంచేస్తే సరిపోతుందా? సగం మందికి కొన్ని నెలల్లోనే జబ్బు తిరిగొచ్చే చికిత్సకు ప్రభుత్వం కళ్లు మూసుకుని పూర్తి బిల్లు కట్టడం కూడా తప్పే. దీనికి వేరే దేశాల్లో ఓ దారి వెతికారు. కిమ్రియా వచ్చిన కొత్తలో, నెలలోపు పిల్లలపై పనిచేస్తేనే డబ్బు తీసుకుంటామని నోవార్టిస్ ముందుకొచ్చింది. ఇటలీలో ఫలితాన్ని బట్టి విడతలవారీగా చెల్లిస్తున్నారు. మన రాష్ట్రాలు కలిసి బేరమాడితే ఇలాంటి ఒప్పందం అడగొచ్చు. మందు తయారయ్యేది నవీ ముంబై, బెంగళూరుల్లోనే కాబట్టి ఆ బేరం విదేశీ కంపెనీతో ఆడినంత కష్టం కాకపోవచ్చు. రోగి ఏడాది తర్వాత ఎలా ఉన్నాడో రికార్డు చేసే పద్ధతి మాత్రం ముందు ఉండాలి. అది లేకుండా ఫలితాన్ని బట్టి చెల్లింపు కుదరదు.

ఇంట్లో ఎవరికైనా బీ సెల్ లుకేమియా లేదా లింఫోమా తిరగబెడితే కార్-టీ గురించి డాక్టర్‌ను మొదట్లోనే అడగండి. అన్నీ అయిపోయాక చివర్లో కాదు. కీమో మీద కీమో పడేకొద్దీ టీ సెల్స్ నీరసిస్తాయి, పైగా కణాలు తయారై రావడానికే వారాలు పడుతుంది. అన్ని బ్లడ్ క్యాన్సర్లకూ ఇది పనికిరాదు. నెక్స్‌కార్19 అయితే 15 ఏళ్లు దాటినవాళ్లకే. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే ఈ చికిత్సకు ఎంతవరకు ఇస్తారో అడ్మిట్ అవ్వకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ల్యాబ్‌కు పంపే పని లేకుండా, ఒంట్లోనే టీ సెల్స్‌ను మార్చేసే ఇంజెక్షన్‌పైనా పరిశోధన సాగుతోంది. చైనాలో మల్టిపుల్ మైలోమా రోగులపై చేసిన ప్రయోగం వివరాలు 2025 జులైలో లాన్సెట్‌లో వచ్చాయి. అది ఫలిస్తే ఖర్చు నిజంగానే దిగొస్తుంది. ప్రస్తుతానికి ఆ రిపోర్ట్‌లో ఉన్నది నలుగురు రోగులే.