పాత పని ముగించి కొత్త పనిలోకి



మన పల్లెల్లో చదువుకొని అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న బిడ్డలు ఈనాడు ఎందరో ఉన్నారు. వారిని పంపడానికి పొలం తాకట్టు పెట్టిన తల్లిదండ్రులూ మన సంఘాలలో ఉన్నారు. బిడ్డ ఫోను చేసి "ఉద్యోగం మారుతున్నాను" అనగానే ఇంట్లో గుబులు పుడుతుంది. "కొత్తది కుదురుకునే దాకా పాతది వదలకు నాయనా, రెండు జీతాలు వస్తే అప్పు తీరుతుంది" అని చెప్పేవారూ లేకపోలేదు. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగాలు వచ్చాక అలా రెండు చోట్లా పేరు ఉంచుకోవడం సులువైంది. ఈ నెల ఆ సంగతి ఆలోచిద్దాము.

మన బిడ్డలలో చాలామంది హెచ్-1బి వీసా మీద పని చేస్తున్నారు. ఏ కంపెనీ దరఖాస్తు పెట్టిందో ఆ కంపెనీలో పని చేయడానికే ఆ అనుమతి. మారాలంటే కొత్త కంపెనీ మరల దరఖాస్తు పెట్టాలి. 2000 సంవత్సరంలో చేసిన చట్టం ప్రకారం, ఆ దరఖాస్తు ప్రభుత్వానికి చేరిన తరువాత, మంజూరు వచ్చేదాకా ఆగకుండానే కొత్త పనిలో చేరవచ్చు. అయితే ఆ వెసులుబాటుకు షరతులున్నాయి. ఉండటానికి ఇచ్చిన గడువు తీరకముందే దరఖాస్తు చేరాలి. ఆ దేశంలో అనుమతి లేని పని చేసి ఉండకూడదు.

రెండు ఉద్యోగాలను చట్టం పూర్తిగా కాదనలేదు. పాత పనితోపాటు తమ పని కూడా చేస్తాడని రెండవ కంపెనీ వేరుగా దరఖాస్తు పెడితే రెండూ చేయవచ్చు. కనుక చిక్కంతా, మారుతున్నానని కాగితం మీద చెప్పి పాతది మానకుండా దాచడంలో ఉంది. వీసా పొడిగింపుకో గ్రీన్ కార్డుకో వెళ్లినప్పుడు జీతపు చీటీలు, పన్ను కాగితాలు చూపవలసి వస్తుంది. ఒకే వారానికి రెండు కంపెనీల జీతం కనబడితే ఏమని జవాబు చెప్పగలరు? నెల రోజుల అదనపు జీతం కోసం ఏళ్ల కష్టం ప్రమాదంలో పడుతుంది.

చేసిన పనికి రావలసిన ఆఖరి జీతం ఆలస్యంగా చేతికందితే మాత్రం భయపడనక్కరలేదు. అది రెండు పనులు చేసినట్లు కాదు. మధ్యలో నాలుగు రోజులు ఖాళీ వచ్చినా కంగారు వద్దు. 2017 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, పని ముగిసిన వారికి 60 రోజుల వరకు వ్యవధి దొరుకుతుంది. వీసా గడువు అంతకు ముందే తీరిపోతే అంతవరకే. ఆ రోజుల్లో పని చేయకూడదు గాని కొత్త కంపెనీ దరఖాస్తు పెట్టవచ్చు.

యాకోబును తలంచండి. లాబాను దగ్గర ఇరవై ఏండ్లు ఎండకు ఎండి, చలికి వణికి కొలువు చేశాడు. యజమాని పదిమార్లు జీతం మార్చాడు. అయినా యాకోబు చెప్పకుండా వెళ్లిపోయినందున, మామ ఏడు దినాలు తరుముకుంటూ వచ్చి గుడారాలన్నీ వెదికాడు. ఆ దినాన యాకోబు తలెత్తి మాట్లాడగలిగాడంటే, ఇరవై ఏండ్ల కొలువులో తాను నమ్మకంగా ఉన్నందుననే. చివరకు ఇద్దరూ రాళ్లకుప్పను సాక్షిగా నిలిపి, సమాధానంతో విడిపోయారు. మన బిడ్డలకు రాజీనామా పత్రము, పని మానిన తేదీ అటువంటి సాక్ష్యాలు.

ఒకప్పుడు మన తాతలు పాలేరుతనం చేసినా, లెక్క చూసుకొనే మరొకరి ఇంట కుదిరేవారు. ఆ మర్యాద మనము మరువరాదు.

తల్లులారా, తండ్రులారా, బిడ్డ ఉద్యోగం మారేటప్పుడు డబ్బు మాట ఎత్తకండి. ఒక నెల ఆలస్యమవుతుందని అప్పిచ్చినవారికి మీరే ముందుగా చెప్పండి. "కొత్త కంపెనీ దరఖాస్తు అందినట్లు రసీదు వచ్చిందా? పాత చోట చెప్పి మానుతున్నావా? లాయరును అడిగావా?" అని మాత్రం అడగండి. "తొందర లేదు నాయనా" అని మీరన్న మాట ఆ బిడ్డకు రెండవ జీతంకంటె ఎక్కువ.

ప్రభువు మీ బిడ్డల చేతి పనిని స్థిరపరచును గాక.