ఫాంటు పోయినా పత్రం మిగలాలి

మహారాష్ట్రలోని భివండీ పద్మనగర్‌లో కాగితం లేకుండా ఏ పనీ కదలదు. సంఘం మీటింగు నోటీసు తెలుగులో ఉంటుంది. కార్పొరేషన్‌కు పెట్టుకునే అర్జీ మరాఠీలో ఉండాలి. సేఠ్‌కు పంపే బిల్లు హిందీలోనో ఇంగ్లీషులోనో నడుస్తుంది. తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట వచ్చి సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్న పద్మశాలీ కుటుంబాలకు ఇన్ని భాషల కాగితాలూ రోజూ అవసరమే. ఇవన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే పుడుతున్నాయి. అందుకే ఈ వారం ఒక్క మాట గట్టిగా చెప్పాలనుంది: మనం రాసుకున్నది పదేళ్ల తర్వాత కూడా, ఎవరి కంప్యూటర్లోనైనా తెరుచుకోవాలి. దానికి ముందుగా మారాల్సింది ఫైలును దాచే పద్ధతి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది ఆ తర్వాతి సంగతి.

పెళ్లి కార్డునే తీసుకోండి. డీటీపీ షాపులో పేజ్‌మేకర్ మీద పాత తెలుగు ఫాంటుతో కార్డు తయారవుతుంది. అందులోని మ్యాటర్‌ను ఊళ్లో ఉన్న బావకు పంపితే, "బావా, తెలుగు కనపడ్తలేదు, ఫాంటు పంపు" అని జవాబు వస్తుంది. నిజానికి ఆ ఫైలులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో మన తలకట్లు, గుడులు, ఒత్తులు బొమ్మలుగా కూర్చి పెట్టారు. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగులా కనిపిస్తుంది. అది లేని చోట అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలే మిగులుతాయి.

అను, శ్రీలిపి వంటి ఫాంట్లు తెలుగు అచ్చుకు ఎంతో సేవ చేశాయి, కాదనలేం. కానీ పెళ్లి కార్డు పని నెలలో ముగిసిపోతుంది. సంఘం సభ్యుల జాబితా, బడి అడ్మిషన్ల రికార్డు, పాత తీర్మానాలు అలా కాదు. వాటిని ఆ ఫాంట్లలో దాచుకుంటే ఇంటిపేరు పట్టి వెతకలేం, అకారాది వరుసలో పేర్చలేం. తెలుగుకు 1991లోనే, ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో చోటు దక్కింది. ఈ-పాలనలో భారతీయ భాషలన్నింటికీ యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లో ప్రకటించింది. అయినా మన సంఘాల బీరువాల్లోని సీడీల్లో, పెన్‌డ్రైవుల్లో చరిత్ర పాత ఫాంట్లలోనే ఇరుక్కుని ఉంది.

ఇలాంటి చిక్కే ఆఫీసు ఫైళ్లకూ ఉంది. సైజింగ్‌లో నూలు చుట్టిన బీము, పన్నా (వెడల్పు) సరిపోతే, ఎవరి కార్ఖానాలోని సాంచా మీదికైనా ఎక్కుతుంది. పత్రమూ అలాగే ఉండాలి. ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ ఆ ఉద్దేశంతోనే పుట్టి, 2006లో అంతర్జాతీయ ప్రమాణమయింది. మైక్రోసాఫ్ట్ తన ఆఫీసు ఫార్మాట్‌ను ప్రమాణంగా గుర్తించమని అడిగినప్పుడు భారత్ వ్యతిరేకంగా ఓటు వేసింది. అయినా 2008లో అదీ ప్రమాణమయింది. రెండు ప్రమాణాలున్న లోకంలో ఒకదాని ఫైలు ఇంకోదానిలో తెరిచినప్పుడు ఎక్కడో ఒక గీత జరుగుతూనే ఉంటుంది.

ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్‌లో పత్రాలు దాచే లిబ్రేఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది. దాని మూల సంకేతం అందరికీ తెరిచి ఉంటుంది. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి సొంత బాట పట్టింది. అందులో మెనూలు తెలుగులోనూ కనిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2005లోనే తెలుగు ఫాంట్లు, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగా సీడీలు పంచింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు కంప్యూటరును తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. ఆ శ్రమ ఫలం పద్మనగర్ దాకా రావాలని నా కోరిక.

మారడంలో ఇబ్బందులు లేవని చెప్పను. మెహతాజీ రాసే లెక్కల షీటులో బీము నంబరు, తాకాలు, మీటర్లు, పిక్కు రేటు, కారిగర్ పేరు ఉంటాయి. అందులోని కూడికలు, గుణకారాలు లిబ్రేఆఫీస్‌లోనూ ఏ తేడా లేకుండా పనిచేస్తాయి. ఉత్తరం లాంటి పత్రాల్లో కాలిబ్రి ఫాంటు లేకపోతే వరుసలు జరిగి ఒక పేజీ రెండవుతుంది. సరిగ్గా అదే కొలతలతో చేసిన కార్లిటో ఫాంటు ఉంటే ఆ బాధ తప్పుతుంది. అసలు చిక్కు మాక్రోలతో, అంటే షీటు లోపల దాచిన చిన్న ప్రోగ్రాములతో వస్తుంది. జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బి కోసం ప్రభుత్వం ఇచ్చిన ఆఫ్‌లైన్ ఫైలే ఎక్సెల్ మాక్రోలతో నడుస్తుంది. ఓపెన్ ప్రమాణాలు పాటిస్తామని 2010లో విధానం రాసుకున్న ప్రభుత్వమే, పన్ను కట్టేవాడిని ఒక కంపెనీ సరుకు వైపు నెట్టడం న్యాయం కాదు. నాలుగు సాంచాల ఆసామికి ఆ సరుకు కొనే ఖర్చు చిన్నది కాదు.

మార్చినంత మాత్రాన పని అయిపోదు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలిక 2003లో విండోస్ వదిలి లినక్సుకు మారాలని తీర్మానించింది. ఏళ్లు కష్టపడి వేల కంప్యూటర్లు మార్చి, 2017లో మళ్లీ విండోస్ వైపు తిరిగింది. బయటి ఆఫీసులతో పత్రాల మార్పిడి దగ్గర వచ్చిన చిక్కులు అక్కడి ఫిర్యాదుల్లో ఒకటి. అదే దేశంలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం ముప్పై వేల కంప్యూటర్లను లిబ్రేఆఫీస్‌కు మార్చాలని 2024లో నిర్ణయించింది. మన దేశంలోనే కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నేర్చుకుంటున్నారు. అక్కడ ఉపాధ్యాయుల శిక్షణకు ఇచ్చిన ప్రాధాన్యమే ఆ పనిని నిలబెట్టింది.

విండోస్ 10కు, ఆఫీస్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేసింది. మన గల్లీల్లోని పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. కాబట్టి మారడం ఎలాగూ తప్పదు. ఒక పద్ధతి ప్రకారం మారుదాం.

మొదట సంఘాలు తమ సభ్యుల జాబితాలను, తీర్మానాలను యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. దానికి కన్వర్టర్లున్నాయి. కొన్ని ఒత్తులు తారుమారవుతాయి గనుక ఎవరైనా పెద్దమనిషి పక్కన కూర్చుని పేర్లు సరిచూడాలి. రెండోది, డీటీపీ షాపుకు పని ఇచ్చేటప్పుడే యూనికోడ్ ఫైలూ ఇవ్వాలని అడగాలి. డబ్బిచ్చేది మనం, అడిగే హక్కూ మనదే. మూడోది, బడిలో, సంఘం ఆఫీసులో ఒక కంప్యూటరులో లిబ్రేఆఫీస్ పెట్టి, కొత్తగా రాసేవన్నీ ఓపెన్ ఫార్మాట్‌లో దాచాలి. బయటికి పంపాల్సినవి పీడీఎఫ్‌గా పంపితే చాలు. మాక్రోలున్న కంప్యూటరును చివర్లో చూసుకోవచ్చు.

ఇక ప్రభుత్వానికి: పన్ను ఫారమైనా, పథకం అర్జీ అయినా ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునేలా ఇవ్వండి. మా వాళ్ల సంపాదన మీటరు లెక్కన వస్తుంది. తమ సొంత కాగితం తెరవడానికి వాళ్లు మళ్లీ కిరాయి కట్టాల్సిన గతి పట్టకూడదు.