పగడపు దిబ్బలకు రెండు న్యాయములు

అండమానులనగానే మన పెద్దలకు సెల్యులరు కారాగారము జ్ఞప్తికి వచ్చెడిది. నేడు ఆ దీవులకు పోవువారు కారాగారమును ఒకపూట చూచి, మఱునాడు వాండూరు రేవునకు పోయి పగడపు దిబ్బలను దర్శించి వచ్చుచున్నారు. మేమును అట్లే పోయి వచ్చితిమి. చూచినదానిలో మెచ్చుకొనదగినది కొంత కలదు. ప్రభుత్వమువారిని అడుగవలసినదియు కలదు.

వాండూరు పేరు మలబారునుండి వచ్చినది. 1921 తిరుగుబాటు పిమ్మట ద్వీపాంతరశిక్ష పొందిన మాప్పిళ్లలు తమ యూళ్ల పేళ్లనే యచ్చటి పల్లెలకు పెట్టుకొనిరి. ఇచ్చట 1983లో సముద్రోద్యాన మేర్పడినది. 15 దీవులును వాని నడిమి పాయలును చేరి 281 చదరపు కిలోమీటర్లు. దానికి తరువాత మహాత్ముని పేరు పెట్టిరి. రేవుకడ మా సంచులు విప్పించి ప్లాస్టికు వస్తువులను వెదకిరి. నీళ్లసీసాకు ధరావతు కట్టించుకొని, మరలివచ్చి సీసాను చూపిన పిదపనే సొమ్మిచ్చిరి. మాతో వచ్చిన పెద్దమనుష్యు డొకరు ఇందులకు మిక్కిలి కోపించిరి. మాకు మాత్రము సంతోషమే కలిగినది.

పడవ మొదట మడచెట్ల నడుమ పోవును. కోరంగి నెఱిగిన మన పాఠకులకు మడను వర్ణింపనక్కఱలేదు. బురదనుండి గాలికై పైకి పొడుచుకొనివచ్చిన ఆ వేళ్లు ఒండ్రును పట్టి నిలుపుటచేతనే వెలుపలి నీరు తేటయై పగడములకు వెలుతురు చిక్కుచున్నది. మడను నఱికినచో పగడము ఒండ్రుక్రింద ఊపిరాడక చచ్చును.

జాలీబాయి దీవికడ అద్దపుటడుగుగల పడవలో కూర్చుండి చూచితిమి. పగడము చూపునకు చెట్టు, స్పర్శకు ఱాయి, నిజమునకు జంతువు. దాని దేహమున సూక్ష్మమగు నాచు కాపురముండి యెండతో ఆహారము వండిపెట్టును. నీటివేడి వేసవి మామూలుకంటె ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో నాచు వెడలిపోవును, పగడము తెల్లనగును, వేడి తగ్గకున్న నశించును. 2010లో అండమాను దిబ్బల కీ గతి పట్టినది. 2016లో మరల పట్టినది. మేము చూచిన తావున జీవముగల పగడముకంటె బూడిదవన్నె తునకలే హెచ్చుగ నుండెను. పడవవాడు చేపలను చూపుచు ఆ చోటును త్వరగా దాటించెను, అతనిని తప్పుపట్టలేము.

2004 డిసెంబరు 26వ తేదీ భూకంపమున దక్షిణ అండమాను సుమారొక మీటరు క్రుంగి, సిప్పీఘాటు వరిచేలు ఉప్పునీటిపాలైనవి. ఉత్తరమున నేల పైకిలేచి పగడములు ఎండకు మాడినవి. పొలము సముద్రమగుట యెట్టిదో 1977 ఉప్పెనను చూచిన దివిసీమ రైతు చెప్పగలడు. అది దైవికము. మనుష్యుడు బుద్ధిపూర్వకముగ చేయుదానికి మాత్రము జవాబుదారి యుండవలెను.

ఉద్యానపు టెల్లలలో వలవేయరాదు. ఈ దీవుల జాలరులలో శ్రీకాకుళ విశాఖ తీరములనుండి వలసపోయిన మనవారు పెక్కురు గలరు. చేపపిల్లలు పెరుగు తావును కాచుట వారి మేలునకే గనుక నిషేధము న్యాయమే. కాని గ్రేటు నికోబారున జరుగుచున్నదేమని ఆ జాలరి యడిగినచో ఏమి చెప్పుదుము? తోలుతాబేళ్లు గ్రుడ్లుపెట్టు గలతియా అఖాతమునందలి అభయారణ్యమును ఓడరేవుకై 2021 జనవరిలో రద్దుచేసిరి. రేవు, విమానాశ్రయము, విద్యుత్కేంద్రము, పట్టణము నిర్మించుటకు 2022 నవంబరులో కేంద్రప్రభుత్వము అనుమతించెను. అందులకు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోవును. పదునారువేలకు పైబడిన పగడపు గుంపులను పెకలించి మఱియొకచోట నాటుదురట! పోవు అడవికి బదులు హర్యానాలో మొక్కలు పెంతురట! నికోబారు వర్షారణ్యమునకు హర్యానా మెట్ట యెట్లు ప్రతినిధి యగునో చెప్పగల వృక్షశాస్త్రజ్ఞుడు మాకింకను కానరాలేదు. అచ్చటి గిరిజనమండలి తానిచ్చిన సమ్మతిని 2022లోనే వెనుకకు తీసికొన్నది.

మలక్కా జలసంధి వాకిట నున్న ఆ దీవి దేశరక్షణకు ముఖ్యమనుటను మేము కాదనము. రక్షణకు కావలసిన భూమి యెంత, వర్తకమునకును పట్టణమునకును కోరిన దెంత యని వేఱువేఱుగ లెక్క చెప్పుడని మాత్రమే యడుగుచున్నాము. 1882 నాటి మద్రాసు అటవీచట్టము కొండవాని పోడును నేరముచేసి, కలపను గుత్తదారున కప్పగించెను. 1922 రంప పితూరీ కారణములలో నదియు నొకటి. స్వరాజ్యమున సముద్రమునకు ఆ పద్ధతియే నడచుట మాకు సమ్మతము గాదు.

పార్లమెంటునందలి తెలుగు సభ్యులు ఈ లెక్కను అడిగి రాబట్టవలెను. అంతవఱకు, వాండూరు దిబ్బలలో ఏటేట బ్రతికియున్న పగడమెంతయో కొలిచి, ఆ యంకెలను రేవుకడ ధరావతు పుచ్చుకొను గది గోడమీద హిందీ, వంగ, తమిళ, తెలుగు భాషలలో వ్రాయింపవలెను.