పని నేర్పినోడికి శాలువా ఎవరు కప్పినారు?

ఈ రోజు టమోటా రేటు గురించి, పట్టుగూళ్ళ రేటు గురించి రాయడంలేదు. పని నేర్పేవాళ్ళ గురించి రాస్తా ఉండా. కొంచెం పొడవుంటుంది, ఓపిగ్గా చదవండి.

రెండేళ్ళ కింద ఎండాకాలంలో నా బోరు మోటరు కాలిపోయింది. సరిగ్గా అప్పుడే పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచినాయి. పురుగులు మేపినోళ్ళకు తెలుసు, ఆ వారం ఆకు ఎంత వేసినా చాలదు. మల్బరీకి తడి ఆగితే పంట చేతికి రాదు. మా అక్క కొడుకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసినాడు, సరిహద్దు అవతల ఒక కంపెనీలో ఏడాది అప్రెంటిస్ కూడా పూర్తి చేసినాడు. సర్టిఫికెట్ ఉంది. ఇంట్లోనే మనిషి ఉండాడు కదా అని వాడిని పిలిపించినా. మోటరు పైకి తీసినాం. వాడు విప్పి చూసి, కాసేపు అట్లే కూర్చొని, "మామా, నాకు ఇది రాదు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "మరి ఏడాది ఏం చేసినావురా?" అంటే, "పెట్టెలకు స్టిక్కర్లు అంటించినా మామా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. ఏడాదిలో ఎలక్ట్రికల్ పని దగ్గరికి వాడిని రానిచ్చింది నాలుగైదు సార్లేనంట. హాజరు మాత్రం నూటికి నూరు.

ఆ మోటరును శాంతిపురంలో మేస్త్రి దగ్గరికి ఎత్తుకుపోయినాం. రేకుల షెడ్డు, ఇద్దరు పనోళ్ళు, బోర్డు కూడా సరిగ్గా లేదు. ఆయన మోటరు చేస్తానే మావోడిని నాలుగు ప్రశ్నలు అడిగి, "రేపట్నుంచి రా" అన్నాడు. వాడు ఎనిమిది నెలలు పోయినాడు.

మొదటి నెల కొత్త తీగ ముట్టనీలేదు. కాలిన కాయిల్స్ విప్పడం, ఒక్కోదాంట్లో ఎన్ని చుట్లు ఉండాయో లెక్కపెట్టి నోటుబుక్కులో రాయడం, అంతే. "లెక్క తప్పితే మళ్ళీ కాలేది రైతు మోటరు, నీది కాదు" అనేవాడంట. తరవాత ఒక పాత స్టేటర్ ఇచ్చి, "దీన్ని పాడు చేసినా పరవాలేదు, ఎందుకు పాడయిందో మాత్రం నాకు చెప్పాల" అన్నాడంట. రెండుసార్లు పాడు చేసినాడు. తీగ నష్టం మేస్త్రిదే. మొదట్లో బస్సు చార్జీ, మధ్యాన్నం అన్నం ఇచ్చినాడు. మూడో నెల నుంచి కూలి కట్టిచ్చినాడు. ఈ రోజు మావోడు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ మోటర్లు చేస్తా ఉండాడు. పోయిన నెల నా మోటరు వాడే చేసినాడు.

ఇప్పుడు నా ప్రశ్న. పేపర్ల మీద మావోడికి పని నేర్పింది ఎవరు? ఆ కంపెనీ. నిజంగా నేర్పింది ఎవరు? మేస్త్రి. రేపు ఎవరైనా "అప్రెంటిస్ లను బాగా తయారుచేసిన యజమాని" అని బహుమతి ఇస్తే ఎవరికి పోతుంది?

చట్టం లేదని కాదు. అప్రెంటిస్ ల చట్టం 1961లోనే వచ్చింది. 30 మంది, అంతకు మించి పనోళ్ళు ఉండే సంస్థ అప్రెంటిస్ లను తీసుకోవాల్సిందే, మొత్తం పనోళ్ళలో రెండున్నర శాతానికి తగ్గకూడదు. 2016 నుంచి కేంద్రం పథకం కింద స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల దాకా ప్రభుత్వమే భరిస్తా ఉంది. మంచిదే. కానీ అదే చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే నేర్చుకునేవాడు, కార్మికుడు కాదు. పీఎఫ్ వర్తించదు, మామూలు కార్మికుడికి ఉండే హక్కులు చాలా ఉండవు. మంచి యజమానికి ఇది నేర్పడానికి దొరికిన వెసులుబాటు. చెడ్డ యజమానికి తక్కువ జీతానికి దొరికిన కూలోడు. శిక్షణతో సంబంధం లేని పని చేయించకూడదని చట్టంలోనే రాసుంది. అయినా స్టిక్కర్లు అంటించిన పిల్లోడు ఎవరికి చెప్పుకుంటాడు? సర్టిఫికెట్ వాళ్ళ చేతిలోనే ఉంది కదా.

మరి మేస్త్రి? 2019లో నిబంధనలు సడలించి, కనీసం నలుగురు పనోళ్ళు ఉంటే అప్రెంటిస్ ను పెట్టుకోవచ్చన్నారు. మేస్త్రి దగ్గర ఇద్దరే. అంటే ఆయన ఎంతమందికి నేర్పినా లెక్కలోకి రాడు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి ఇట్ల 18 వృత్తులు ఉండాయి. మోటర్లు చుట్టే మేస్త్రి అందులో లేడు.

పెద్ద కంపెనీలన్నీ ఒకటే అని నేను అనను. మన పక్కనే హోసూరులో 1980లలో టైటాన్ వాచీల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, వాచీ పని తెలిసినోళ్ళు ఆ చుట్టుపక్కల యాడ దొరుకుతారు? ప్లస్ టూ చదివిన పల్లె పిలకాయలను తీసుకొని, నేర్పించి, వాళ్ళతోనే వాచీలు చేయించినారు. బెంగళూరు దగ్గర బిడదిలో టొయోటా వాళ్ళు 2007 నుంచి పదో తరగతి చదివిన పేద పల్లె పిల్లలను ఉంచుకొని, మూడేళ్ళు పని నేర్పుతా ఉండారు. చేసేవాళ్ళు చేస్తారు. అందుకే చేసేవాళ్ళెవరో, పేరుకు పెట్టుకునేవాళ్ళెవరో వేరుచేసి చూపించాలంటా ఉండా.

జర్మనీలో ఒక పద్ధతి ఉంది. అక్కడ చేతివృత్తిలో మాస్టర్ కావాలంటే పరీక్షలో నాలుగు భాగాలు. వాటిలో ఒక భాగం పిల్లలకు పని ఎట్ల నేర్పాల అన్నదే. మనకాడ పని వస్తే చాలు, నేర్పడం దానంతట అదే వస్తుందనుకుంటాం. రాదు. నాకు తెలుసు. మా పిల్లోడికి డ్రిప్పు పైపులు సరిచేయడం నేను అరిచి అరిచి నేర్పబోయినా. వాడు నేర్చుకోలేదు, తోటకు రావడం మానేసినాడు. పోయినసారి వ్యవసాయ డిగ్రీ పిల్లలు పల్లెలో ఉండి నేర్చుకోవడానికి వస్తే, వాళ్ళతో ఫోటో దిగి టీ ఇచ్చి పంపించినా. ఒక్క పొద్దన్నా పొలంలో వెంట తిప్పలేదు. ఆ తప్పు నాదే.

ఇంకో సంగతి. మేస్త్రి దగ్గర నేర్చుకున్నోళ్ళు ఇప్పటికి పదకొండు మంది అంట. వాళ్ళలో ఇద్దరు అదే రోడ్డులో షాపు పెట్టినారు. ఈయన గిరాకీ కొంత అటు పోయింది. నేర్పేవాడికి వచ్చే నష్టం ఇదే. వాడు ఖర్చుపెట్టి తయారు చేస్తాడు, పక్కోడు రెండు వేలు ఎక్కువిచ్చి పిలుచుకుంటాడు, లేదంటే శిష్యుడే పోటీకి వస్తాడు. లాభం ఊరికి, నష్టం ఆయనకు. ఇట్లుంటే నేర్పకుండా పని దాచుకునేవాడే తెలివైనోడు అనిపించుకుంటాడు. అందుకే ఊరు ఆయనకు ఏదో ఒకటి తిరిగి ఇవ్వాల.

"బహుమతులు ఇస్తే పలుకుబడి ఉన్నోళ్ళకే పోతాయి" అని మీరు అంటారు. నిజమే. అందుకే ఎవరికివ్వాలో తేల్చే పద్ధతి మారాల. ఎంతమందిని పెట్టుకున్నారు అని యజమానిని అడగొద్దు. బయటికి వచ్చి రెండేళ్ళు అయిన పిల్లల్ని అడగండి: నీకు పని వచ్చిందా? ఆ పనితోనే బతుకుతా ఉండావా? నీకు కూలి ఇచ్చినారా? పద్నాలుగేళ్ళు నిండని పిల్లోడిని పనిలో పెట్టుకున్న షాపును మొదటే తీసెయ్యాల. బడి మాన్పించి నేర్పేదాన్ని గురుభక్తి అని పిలవొద్దు.

ఇచ్చేది కూడా శాలువా, జ్ఞాపిక ఒక్కటే కాకూడదు. మేస్త్రికి మంచి మెగ్గర్ ఒకటి, వైండింగ్ మిషన్ ఒకటి ఇవ్వండి. ఆయన నేర్పిన కాలాన్ని పిల్లోడి సర్టిఫికెట్ లో రాసే దారి చూపించండి. ఇద్దరే పనోళ్ళుండే షాపులను కూడా పథకంలోకి తీసుకొని, స్టైపెండులో ఆ నాలుగో వంతు వాళ్ళకూ ఇవ్వండి. పొద్దున్నే కుప్పం స్టేషన్ లో బెంగళూరు రైలు ఎక్కే పిలకాయల్లో కొందరికైనా ఇక్కడే ఒక చేతిపని దొరుకుతుంది.

ఆగస్టు 15న మండలాఫీసులో శాలువాలు కప్పుతారు. ఈసారి ఆ వరసలో ఒక మోటరు మేస్త్రి, ఒక ట్రాక్టరు మెకానిక్, ఒక టైలరమ్మ ఉండాలని మన సర్పంచులను, ఎంపీడీవో గారిని అడుగుదాం. నేను అర్జీ రాసిపెట్టుకున్నా. సోమవారం ఇచ్చేటప్పుడు నాతో వచ్చేవాళ్ళు రండి.

మేస్త్రికి ఈ సంగతి చెప్తే నవ్వినాడు. "నాకెందుకన్నా అవన్నీ, కరెంటు బిల్లు తగ్గించమను" అన్నాడు. అది కూడా అర్జీలో రాసినా.